వియన్నాలో నీడ కొలిచిన వైనం

రాష్ట్ర నీడ అభివృద్ధి మండలి అని ఒక సంస్థ ఉందని చాలామందికి తెలియదు. తెలియకపోవడంలో వాళ్ళ తప్పేమీ లేదు. రోడ్ల పక్కన, బస్టాండ్లలో, సంతల్లో జనం నిలబడే చోట ఎంత నీడ ఉందో కొలిచి దాన్ని ఏటేటా పెంచడం ఆ మండలి పని. పెంచడం సంగతి అలా ఉంచితే, కొలవడంలో మాత్రం వాళ్ళకి వంక పెట్టడానికి లేదు. మిట్టమధ్యాహ్నం చెట్టు దగ్గరికి వెళతారు. నేల మీద నీడ ఎక్కడ ఆగి ఎండ ఎక్కడ మొదలవుతోందో చూస్తారు. ఆ అంచు వెంబడి చుట్టూ ముగ్గు పోసి, లోపలి జాగాని టేపుతో కొలుస్తారు. అంచు దొరికితేనే అది నీడ. అంచు దొరకని నీడని ఎవరెంత మొత్తుకున్నా మండలి ఒప్పుకోదు.

ఇంటూరి హైమవతి ఆ మండలిలో సూపరింటెండెంటు. తెనాలి మనిషి. ఉద్యోగంలో చేరింది మొదలు పైవాళ్ళ ప్రయాణాలన్నిటికీ ఏర్పాట్లు చూసింది ఆవిడే. ఎవరికి కిటికీ పక్క సీటు కావాలో, ఎవరికి ఉల్లిపాయ పడదో, ఎవరు రైలెక్కగానే మాత్ర వేసుకోవాలో ఆవిడకి కంఠతా వచ్చు. ఆవిడ మాత్రం స్టేషను దాకా వెళ్ళి వాళ్ళని ఎక్కించి ఇంటికొచ్చేది. అలాంటిది, రిటైర్మెంటు దగ్గర పడుతున్న వేళ, ‘నీడ - ఆహ్లాద అధ్యయన యాత్ర’లో కన్వీనరుగా ఆవిడ పేరు కూడా పడింది. ఎందుకంటే ఎండీ గారి మాత్రలు ఎప్పుడు ఏవి ఇవ్వాలో ఇంకెవరికీ తెలియదు.

యాత్ర ఉద్దేశం గొప్పదే. ఐరోపా నగరాల్లో జనం చెట్ల నీడన కూర్చుని ఆహ్లాదం పొందుతారట. అది ఎలా పొందుతారో మన అధికారులు వియన్నా వెళ్ళి, స్వయంగా కూర్చుని, స్వయంగా పొంది, తెలుసుకుని రావాలి. కిందటి మే నెలలో బెజవాడ భగ్గున మండుతున్నప్పుడు ఈ ఆలోచన పుట్టింది. ప్రోగ్రాం అంతా అప్పుడే తయారయింది. తర్వాత ఫైలు పైకి వెళ్ళింది, కిందికి వచ్చింది, మళ్ళీ పైకి వెళ్ళింది. మంజూరయ్యేసరికి ఫిబ్రవరి వచ్చింది. మార్చి దాటితే నిధులు మురిగిపోతాయి. కనుక వెళితే ఇప్పుడే వెళ్ళాలి.

హైమవతి ఉండబట్టలేక ఎండీ నందిరాజు త్రివిక్రమరావు గారి గదిలోకి వెళ్ళింది.

“సార్, ఫిబ్రవరిలో అక్కడ చెట్లకి ఆకులుండవంట. ఎండ కూడా రాదంట.”

త్రివిక్రమరావు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “అమ్మా, మంజూరైన ప్రోగ్రాంలో చెట్లున్నాయా?”

“ఉన్నాయి సార్.”

“నీడ?”

“ఉంది సార్.”

“ఆకులు లేవని ఎక్కడైనా ఉందా?”

“లేదు సార్.”

“మరి లేనిదాన్ని మనంతట మనం ఎలా చేరుస్తామమ్మా? సవరణకి పంపితే తిరిగొచ్చేసరికి ఏప్రిల్. ఆకులదేముంది, మళ్ళీ వస్తాయి. నిధులు మళ్ళీ వస్తాయా?”

హైమవతి ఫైలు చంకన పెట్టుకుని బయటికొచ్చింది. టిక్కెట్ల కోసం ట్రావెల్స్ ఆఫీసుకి వెళ్ళింది. అక్కడి అమ్మాయి మాత్రం ఎగిరి గంతేసినంత పని చేసింది. “అన్‌సీజన్‌లో వెళ్తున్నారా మేడమ్? ఎంత లక్కీ అండీ మీరు! జనం ఉండరు. ఎక్కడా లైన్లుండవు. అక్కడ కాఫీ హౌసులని ఉంటాయి, లోపల వెచ్చగా ఉంటుంది. ఒక్క కాఫీ చెప్పి సాయంత్రం దాకా కూర్చోవచ్చు. ట్రేలో పెట్టి, పక్కన మంచినీళ్ళు కూడా తెచ్చిస్తారు. ఎవ్వరూ ఏమీ అనరు. మీరలా ఊరికే కూర్చోవడమే!”

ఊరికే కూర్చోవడం! ఆ మాట హైమవతి మనసులో పడిపోయింది. ఇంట్లో ఆవిడ కాఫీ నిలబడి తాగుతుంది. ఆఫీసులో ఒక చెవి ఎండీ గారి గంట మీద వేసి తాగుతుంది. ఇంకొకరు కలిపి తెచ్చి ముందు పెట్టిన కాఫీని కూర్చుని నింపాదిగా తాగిన రోజు ఎంత వెతుక్కున్నా ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఆ కాఫీ తనకి కావాలి. ఇంత వయసొచ్చి చిన్నపిల్లలా ఇదేం కోరిక అని తనని తనే తిట్టుకుంది గానీ కోరిక మాత్రం కదల్లేదు. అదృష్టం కొద్దీ ప్రోగ్రాంలో చివరి రోజు మధ్యాహ్నం ‘స్వేచ్ఛా విహారం’ అని ఒక ముక్క ఉంది. మే నెలలో టైపు చేస్తూ ఆవిడే చేర్చింది. ఎవరూ చదవలేదు కాబట్టి ఎవరూ కొట్టెయ్యలేదు.

వియన్నాలో విమానం దిగింది ముగ్గురు. ఎండీ గారు, హైమవతి, సాంకేతిక విభాగం డిప్యూటీ డైరెక్టరు గుత్తుల వీరభద్రం. వీరభద్రానిది కోనసీమ. పైవాళ్ళ మాటకి ‘ఆయ్’ తప్ప ఇంకో జవాబు ఎరగని మనిషి. నగరమంతా మంచు దుప్పటి కప్పుకుని పడుకునుంది. ఆకాశం గిన్నె బోర్లించినట్టు బూడిదరంగుగా ఉంది. వీధుల్లో జనం పలచగా ఉన్నారు. పెద్ద పెద్ద భవనాలు తమని ఎవరూ చూడకపోయినా పరవాలేదన్నట్టు తీరుబడిగా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య కాఫీ హౌసుల అద్దాల వెనక పచ్చటి దీపాలు వెలుగుతున్నాయి. హైమవతికి కడుపు నిండినట్టయింది. ఆ ట్రావెల్స్ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం.

మొదటి రోజు కార్యక్రమం నగర ఉద్యానవనంలో ‘చెట్టు నీడన ఆహ్లాదం’. ఉద్యానవనంలో చెట్లున్నాయి. ఒక్కదానికీ ఒక్క ఆకు లేదు. ఎండీ గారు మంకీ టోపీ సర్దుకుని ఒక మోడు చెట్టు కింది బెంచీ మీద మంచు దులిపి కూర్చున్నారు.

“కూర్చోండి. ఆహ్లాదం ప్రారంభమైనట్టు పరిగణించండి.”

“సార్, కింద తడండీ,” అన్నాడు వీరభద్రం.

“తడి మన పరిశీలనాంశం కాదు వీరభద్రం.”

ముగ్గురూ కూర్చున్నారు. హైమవతి తను తెల్లవారకుండా లేచి హోటల్ గదిలో ఫిల్టరుతో కాచి ఫ్లాస్కులో పోసుకొచ్చిన కాఫీ ఇద్దరికీ పోసి ఇచ్చింది. మిగిలిన గుక్కెడు నిలబడి తాగింది. కాసేపయ్యాక ఎండీ గారు అడిగారు. “ఏమయ్యా, ఆహ్లాదం అనుభూతిలోకి వస్తోందా?”

“వస్తోందండీ. మోకాళ్ళ కింద ఇంకా రాలేదండీ.”

“వస్తుంది. ఇక కొలత మొదలుపెట్టు.”

వీరభద్రం ముగ్గు డబ్బా తీసి చెట్టు చుట్టూ తిరిగాడు. తెల్లటి మంచు మీద తెల్లటి ముగ్గు పోసింది పోసినట్టే మాయమైపోయింది. రంగు కావాలి. జలుబు చేస్తే పాలల్లో వేసుకు తాగమని వీరభద్రం భార్య కట్టిచ్చిన పసుపు పొట్లం బయటికొచ్చింది. పసుపు బాగానే కనిపిస్తోంది గానీ, దాన్ని ఎక్కడ పొయ్యాలన్నదే తేలలేదు. ఎండ లేదు కనుక నీడ ఎక్కడ ఆగిందో తెలియడం లేదు. అతను గుప్పిట్లో పసుపు పట్టుకుని చెట్టు నుంచి కొంచెం దూరం వెళ్ళాడు. ఇంకొంచెం వెళ్ళాడు. గుప్పిట్లోంచి పసుపు కారుతూనే ఉంది.

స్వెట్టరు తొడిగిన చిన్న కుక్కతో అటుగా వెళుతున్న ఒక పెద్దావిడ ఆగి, ఏదైనా పూజ చేస్తున్నారా అని మర్యాదగా అడిగింది. నీడ కొలుస్తున్నామని హైమవతి తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. పెద్దావిడ ఆకాశం వంక చూసింది, మోడు వంక చూసింది, ముగ్గురి ముక్కుల వంకా చూసింది. ఎదురుగా కనిపిస్తున్న కాఫీ హౌసులో ఈ రోజుల్లో బల్లలన్నీ ఖాళీగానే ఉంటాయని, వేసవిలో అయితే కాలు పెట్టడానికి చోటుండదని, లోపలికెళ్ళి కూర్చోమని చెప్పింది.

“ఏమంటోంది ఆమె?” అన్నారు ఎండీ గారు.

“లోపల కూర్చోమంటోంది సార్,” అంది హైమవతి ఆశగా.

“లోపలుండేది పైకప్పు నీడ. అది వేరే శాఖ వారిది,” అని ఎండీ గారు లేచారు. “అంచు ఎక్కడుంది వీరభద్రం?”

“దొరకట్లేదండీ. ఈ చెట్టు నీడ ఆ చెట్టు నీడలో కలిసిపోయిందండీ. అది రోడ్డు మీదికి పోయిందండీ.”

“అంటే నీడ ఇంకా కొనసాగుతోందన్నమాట. పదండి, అది ఎంతవరకు వెళితే అంతవరకు వెళదాం.”

అలా మొదలైంది. మామూలు యాత్రికులు ఆ నగరాన్ని ఎలా చూస్తారో గానీ మండలి బృందం మాత్రం నీడ అంచు వెతుక్కుంటూ చూసింది. ముందు వీరభద్రం పసుపు రాల్చుకుంటూ, వెనక ఎండీ గారు నేల వంక చూసుకుంటూ, ఆ వెనక హైమవతి ఫ్లాస్కు మోసుకుంటూ నడిచారు. సంగీత నాటకశాల ముందు నుంచి వెళ్ళారు. ఆ రాత్రి ఆటకి టిక్కెట్లు దొరుకుతున్నాయని అక్కడి మనిషి పిలిచి మరీ చెప్పాడు, ఆగలేదు. రాజుల కోట ముంగిట నరపురుగు లేదు, లోపలికి వెళ్ళలేదు. బేరాల్లేని గుర్రబ్బండి అతను సగం ధరకే ఊరంతా తిప్పుతానన్నాడు. బండి మీద నుంచి అంచు సరిగా కనిపించదని ఎండీ గారు వద్దన్నారు. నాలుగడుగులకొక కాఫీ హౌసు. అద్దాల వెనక ఎవరో ఒకరు పేపరు చదువుకుంటూ, నురగ నిండిన కప్పు ముందు పెట్టుకుని ఉన్నారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా వేడి వేడి రొట్టె వాసన వచ్చి హైమవతి మొహానికి తగిలి మళ్ళీ తలుపు మూసుకునేది. ఆవిడకి ఏడుపొచ్చేది.

మర్నాడు ట్రాము ఎక్కి ఒక చివరికి వెళ్ళారు. అక్కడా నీడే. ఇంకో ట్రాములో ఇంకో చివరికి వెళ్ళారు. నది దాటారు. కొండ మీది ద్రాక్షతోటల దాకా వెళ్ళారు. అక్కడి నుంచి చూస్తే నగరమంతా ఒకే బూడిదరంగులో కనిపించింది. పసుపు అయిపోయింది. త్రివిక్రమరావు గారు కొండ మీద నిలబడి చాలాసేపు ఆలోచించారు. తర్వాత ఆయన మొహం వెలిగిపోయింది.

“అంచు లేదు! అర్థమవుతోందా వీరభద్రం? ఈ నగరం నూటికి నూరు పాళ్ళు నీడ!”

“ఆయ్, నూటికి నూరండీ!”

“మనం ఇన్నేళ్ళు కిందా మీదా పడి సాధించలేనిది వీళ్ళు ఒక్క ఆకు లేకుండా సాధించారు. అంటే ఇంతకాలం మన దగ్గర లోపం ఎక్కడుందంటావు?”

“ఆకుల్లోనే ఉందండీ.”

అక్కడికక్కడే ఫోను చేసి పై అధికారికి విన్నవించారు. పై అధికారి మంత్రి గారికి చెప్పారు. మంత్రి గారు ఆ సాయంత్రమే విలేకరులని పిలిచి, వియన్నా మహానగరంలో ఎండ అన్నదే లేదని, అక్కడి పద్ధతిని మన రాష్ట్రంలోనూ ప్రవేశపెడతామని ప్రకటించారు. ప్రయోగాత్మకంగా జిల్లాకొక చెట్టుకి ఆకులు దూసెయ్యమని రాత్రికి రాత్రే ఉత్తర్వులు వెళ్ళాయి. విజయోత్సాహంలో ఎండీ గారు చివరి రోజు మధ్యాహ్నం కూడా పనికే కేటాయించారు. ఊరికి తూర్పు దిక్కు ఇంకా చూడలేదు. ఒక దిక్కు మిగిలిపోతే ఆడిట్‌వాళ్ళు ఊరుకోరు.

ఆ మాట విని హైమవతి ఎండీ గారికి ఎదురొచ్చి నిలబడింది. సర్వీసులో ఎన్నడూ నోరు తెరిచి తనకంటూ ఏదీ అడగలేదు. ఇప్పుడడిగింది. “సార్, ఆ మధ్యాహ్నం నాకు కావాలి సార్.”

“ఎందుకమ్మా?”

“కాఫీ తాగాలి సార్.”

త్రివిక్రమరావు గారు నిజంగానే ఆశ్చర్యపోయారు. “ఫ్లాస్కులో ఉందిగా?”

ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకి అర్థం కాలేదు, అంతే. చివరి రోజు తన పెట్టె సర్దుకుంటూ హైమవతి ఫిల్టరుని కాస్త గట్టిగానే మూసింది.

ఆ చివరి రోజు మధ్యాహ్నం తూర్పు దిక్కుకి బయల్దేరి హోటల్ మెట్లు దిగారో లేదో, ఆకాశంలో ఎక్కడో ఒక చిరుగు పడింది. చూస్తుండగానే మబ్బు పక్కకి తప్పుకుంది. ఎండ వచ్చింది. అలాంటిలాంటి ఎండ కాదు, అప్పుడే వెన్న కాచిన నెయ్యి పోసినట్టు వీధి వీధంతా పరుచుకుంది. నగరంలో ఎక్కడ దాక్కున్నారో గాని జనం బయటికొచ్చారు. కాఫీ హౌసులవాళ్ళు బల్లలూ కుర్చీలూ ఎత్తుకొచ్చి ఎండలో వేశారు. ఒళ్ళో కప్పుకోవడానికి కంబళ్ళు ఇచ్చారు. ముసలివాళ్ళూ పడుచువాళ్ళూ మొహాలు పైకెత్తి, కళ్ళు మూసుకుని, ఎండకి ఎదురుగా వరసగా కూర్చున్నారు. కుర్చీ మీదికి గోడ నీడ కొంచెం జరిగితే చాలు, కుర్చీతో సహా ఎండలోకి జరుగుతున్నారు.

“సార్! దొరికిందండీ!” వీరభద్రం కేకపెట్టాడు. “అంచండీ! అదుగోనండీ, ఆ చెట్టు కింద గీత గీసినట్టుందండీ!”

“చూడకు!” అన్నారు ఎండీ గారు. “ఎవరూ దాన్ని చూడవద్దు.”

“మరి ఎండ వచ్చిందండీ.”

“అది ఎండ కాదు. నిన్న ప్రభుత్వం ప్రకటించినదానికి విరుద్ధమైన వెలుతురు. అందరూ లోపలికి పదండి. విమానం వేళ దాకా గదుల్లో తెరలు వేసుకుని ఉండాలి. మనం చూసినట్టయితే నివేదికలో పెట్టాల్సి వస్తుంది.”

వీరభద్రం వెంటనే వెనక్కి తిరిగాడు. హైమవతి తిరగలేదు. ఆవిడ వీధి దాటింది. కాఫీ హౌసు ముందు కూర్చున్న ఒక పెద్దమనిషి తన కుర్చీ కాస్త జరిపి పక్క కుర్చీ చూపించాడు. ఆవిడ ఫ్లాస్కు కింద పెట్టి అందులో కూర్చుంది. మెడకి బో టై కట్టుకున్న సర్వరు వచ్చి వంగి అడిగితే, కాఫీ అంది.

త్రివిక్రమరావు గారు గొడుగు విప్పుకుని ఆవిడ దగ్గరికి వచ్చారు. “హైమవతి గారూ, ఏమిటిది?”

“నేను రాను సార్.”

“మండలి నియమావళి మీకు తెలియదా? విధి నిర్వహణలో ఉన్న ఉద్యోగి ఎండలో కూర్చోవడం క్రమశిక్షణ ఉల్లంఘన. మెమో ఇవ్వాల్సి వస్తుంది.”

“ఇవ్వండి సార్. ఏమని ఇస్తారు?”

“ఏమనేమిటి? వియన్నాలో ఎండలో కూర్చు...” ఆయన అక్కడ ఆగిపోయారు. గొడుగు కింద ఆయన మొహం వాడిపోయింది.

“నీడలో కూర్చున్నారని రాద్దామండీ?” అన్నాడు వీరభద్రం సాయం చేద్దామని.

“నీడలో కూర్చోవడానికేగా వచ్చిందయ్యా మనం!”

ఇద్దరూ గొడుగు కింద నక్కి వెళ్ళిపోయారు. హైమవతికి భయం వేసింది. కానీ లేవలేదు. సర్వరు వెండి ట్రేలో కాఫీ తెచ్చాడు. పక్కన గ్లాసుతో మంచినీళ్ళు పెట్టాడు. ఒళ్ళో కంబళి కప్పి, తలవంచి వెళ్ళాడు. ఆవిడ కూడా అందరిలాగే మొహం పైకెత్తి కళ్ళు మూసుకుంది. ఎవరి గంటా మోగలేదు. ఎవరికీ మాత్ర వేళ కాలేదు. ఇంత సంతోషం తనలో పడుతుందని ఆవిడ అనుకోలేదు.

తిరిగొచ్చాక మెమో రానే వచ్చింది. ఎండీ గారు దాని మీద చాలా మథనపడ్డారు. అందరి ముందూ మాట వినని మనిషిని ఊరికే వదిలేస్తే ఆఫీసు గాలిలో దీపమైపోతుంది. చివరికి ఎండ ఊసు లేకుండా ఇలా రాశారు: ‘వియన్నా నగరపు నీడలో, మంజూరైన పరిమితికి మించి ఆహ్లాదం పొందినందుకు తగిన సంజాయిషీ ఇవ్వవలెను.’

దాని నకలు పై ఆఫీసుకి చేరింది. అక్కడివాళ్ళు యాత్ర ఉద్దేశాన్ని తిరగేశారు. ఆహ్లాదం పొందడమే ఉద్దేశం. ముగ్గురిలో ఇద్దరు జలుబుతో సెలవు పెట్టారు. ఆహ్లాదం పొందినట్టు ఎండీ స్వయంగా ధ్రువీకరించింది ఒక్క ఉద్యోగినే, అదీ పరిమితికి మించి. మంత్రి గారి చేతుల మీదుగా సన్మానం చెయ్యాలని తీర్మానించారు.

సన్మానం మార్చి నెలాఖరున, మండలి ఆవరణలో, మిట్టమధ్యాహ్నం పెట్టారు. షామియానా వెయ్యలేదు. ప్రయోగం కోసం ఆకులు దూసిన వేపచెట్టు కిందే వేదిక కట్టారు. మంత్రి గారు చెమటలు కక్కుతూ, ఐరోపా నీడ ఎంత హాయిగా ఉందో రెండు మాటలు చెప్పారు. జనం నెత్తిన రుమాళ్ళు వేసుకుని చప్పట్లు కొట్టారు. హైమవతికి ఉన్ని శాలువా కప్పారు. ఆవిడ దాన్ని మెల్లగా తీసి చేతి మీద వేసుకుంది.

పక్క కుర్చీలో త్రివిక్రమరావు గారు సభ వంకే చూస్తూ, పెదవులు కదలకుండా అడిగారు. “నిజం చెప్పండమ్మా. ఆ కాఫీ ఎలా ఉంది?”

“చల్లారిపోయింది సార్. మొహమ్మీద ఎండ పడతా ఉంటే అట్టా కూర్చుండిపోయాను. తాగడం మర్చిపోయాను.”

ఎండ అన్న మాటకి ఆయన ఉలిక్కిపడి అటూ ఇటూ చూశారు. ఎవరూ వినలేదు. మంత్రి గారు ఇంకా హాయి గురించే చెబుతున్నారు. ఎండీ గారు జేబురుమాలు పిండి మొహం తుడుచుకుని, ఇంకాస్త ఇటు వంగారు.

“వచ్చే ఫిబ్రవరి ప్రోగ్రాం మీరేగా టైపు చేసేది? పొరపాటున మీ పక్కన ఇంకో కుర్చీ కూడా పడేట్టు చూడండి. నేను ఎటూ చదవను.”